విశాఖ రాళ్ల గుంటల్లోంచి ఉప్పునీటి ట్యాంకుకి ఏవి తెచ్చుకోవచ్చు?

సాగర్‌నగర్ ట్యాంకు:
200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, సైక్లింగ్ (వ్యర్థాలని విరిచే బ్యాక్టీరియా కుదురుకోవడం) పూర్తయింది. అమ్మోనియా, నైట్రైట్ సున్నా, ఉప్పదనం 35 (వెయ్యికి 35 పాళ్లు). తెన్నేటి పార్కు, రుషికొండ వైపు ఆటులో రాళ్ల మధ్య చిన్న చేపలు, హెర్మిట్ పీతలు (ఖాళీ గుల్లల్లో కాపురముండేవి), నత్తలు, బండకి అతుక్కుని బటన్ల లాంటి జోయాంతిడ్లు (పగడాల చుట్టాలైన మెత్తని జీవులు) కనిపిస్తాయి. వీటిలో ఏవి తెచ్చుకుంటే చట్టానికి అడ్డం రాదు? రాయి, ఇసుక సంగతేంటి? బతకాలంటే ఏం చూసుకోవాలి?

గవ్వలగుట్ట:
ముందు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 చూడాలండి. 2001లో సముద్ర జీవాలు చాలా దాని జాబితాల్లోకి ఎక్కాయి. 2022 సవరణతో జాబితాలే మారాయి, కొత్తవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నెట్‌లో దొరికే పాత పట్టికలు నమ్మకండి.

ముట్టుకోకూడనివి: గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు, హార్స్‌షూ పీతలు, కొన్ని రకాల పెద్ద శంఖాలు, గవ్వలు. పైప్‌ఫిష్ సముద్రపు గుర్రానికి చుట్టమే, దాన్నీ వదిలేయండి. చచ్చిన పగడపు ముక్కయినా ఇంట్లో పెట్టుకోకూడదు. షెడ్యూల్ 1 (అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితా) జీవి విషయంలో శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. అలివి వలలో చిక్కిన జాబితా జీవిని జాలరి దగ్గర కొన్నా తప్పు తప్పే.

కోరింగ, కృష్ణా అభయారణ్యాల్లో జాబితాలో లేని జీవిని కూడా పట్టకూడదు. యారాడ, డాల్ఫిన్ నోస్ వైపు నేవీ బోర్డులున్న చోట అడుగే పెట్టొద్దు.

మీరు తేవాలనుకున్న వాటి ఫొటో, శాస్త్రీయ నామం రాసి జిల్లా మత్స్యశాఖకి, అటవీశాఖ డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) కార్యాలయానికి ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. పేరు తేల్చుకోలేని జీవిని గుంటలోనే ఉంచడం మంచిది.

భీమిలి రాయి:
రాయి, ఇసుక రెండూ వద్దు. తీరంలో ఇసుక, రాళ్లు తవ్వి తరలించడానికి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు ఒప్పుకోవు. పైగా భీమిలి ఇసుకలో ఇల్మనైట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి, అయస్కాంతం పెడితే నల్ల రేణువులు లేచొస్తాయి. అది ట్యాంకులో వేసే సరుకు కాదు. దుకాణంలో అరగొనైట్ (సున్నపు) ఇసుక, డ్రై రాక్ (ట్యాంకుల కోసం అమ్మే ఎండు రాయి) కొనుక్కోండి.

జోయాంతిడ్లు గట్టి పగడాల కోవలోకి రావు, నిజమే. అయినా వాటి కోసం బండని ఉలితో కొట్టాల్సిందే. కొన్ని రకాల్లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. చేతి మీద గాయముంటే ప్రమాదం, వేడినీళ్లు పోస్తే ఆ ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలవుతారు. ఆ ఆలోచన మానుకోండి.

మీ ట్యాంకుకి సరిపోయేవి రాళ్ల మధ్య తిరిగే చిన్న చేపలైన బ్లెన్నీలు రెండు, గోబీలు రెండు, హెర్మిట్ పీతలు ఎనిమిది, నెరైట్ నత్తలు ఒక పది. అంతకు మించొద్దు. నిలువు చారల సార్జెంట్ చేప పిల్లగా ముద్దుగా ఉంటుంది, పెరిగితే జానెడవుతుంది, మిగతావాటిని బతకనివ్వదు. టెరపాన్ చేప పిల్లలు పక్క చేపల పొలుసులు కొరుకుతాయి. ఎనిమోన్ (పువ్వులా విచ్చుకునే మెత్తని జీవి) పాదం రాతి పగుల్లో ఉంటుంది, లాగితే చిరిగి కుళ్లి ట్యాంకంతా పాడవుతుంది.

అమావాస్య, పున్నమిల తర్వాత ఒకట్రెండు రోజుల్లో ఆటు బాగా దిగుతుంది. పట్టికలో అత్యల్ప మట్టం వేళకి గంట ముందు దిగండి, నీరు తిరగగానే పైకి వచ్చేయండి. రబ్బరు అడుగున్న బూట్లు, మందపాటి గ్లవ్స్ తప్పనిసరి, తేలు చేపలు రాయిలో రాయిలా కలిసిపోయి ఉంటాయి. కోన్ నత్త విషంతో కుడుతుంది, దాన్ని చేత్తో పట్టనే కూడదు. రెండు చేతి వలలు చాలు. ఒకటి పగులు దగ్గర ఆనించి, రెండోదాంతో చేపని అటు తోలాలి. ఎత్తిన ప్రతి రాయినీ ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టండి. బోర్లా పడితే అడుగున బతికేవన్నీ ఎండకి చస్తాయి.

సాగర్‌నగర్ ట్యాంకు:
జోయాంతిడ్లు, రాయి వదిలేశాను. పట్టాక బకెట్‌లోంచి ట్యాంకులోకి గంటసేపు డ్రిప్ చేస్తే (బకెట్‌లోకి ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా వదిలి అలవాటు చేస్తే) చాలదా?

ఉప్పుకొలత:
చాలదండీ, ఇక్కడే ఎక్కువమంది చేపలు పోగొట్టుకుంటారు. వర్షాకాలం చివర, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, గంగ, మహానదుల వరద నీరు తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. ఆ రోజుల్లో విశాఖ దగ్గర ఉప్పదనం 30 కంటే కిందికి పడిపోతుంది. మీ ట్యాంకు 35. చేప ఉప్పదనం తగ్గితే ఓర్చుకుంటుంది, ఒక్కసారిగా పెరిగితే ఒంట్లో నీరు కోల్పోయి రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఆ చావుకి రోగమని పేరు పెట్టి మందులు పోస్తుంటారు.

రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పదనం కొలిచే పరికరం) 35 ద్రావణంతో సరిచేసుకుని, గుంట దగ్గరే కొలవండి. వేసవిలో నీరు ఇగిరిన గుంట 40 కూడా చూపవచ్చు. ఇంటి దగ్గర క్వారంటైన్ ట్యాంకుని (కొత్తవాటిని కొన్నాళ్లు విడిగా ఉంచేది) అదే అంకెకి కలిపి ఉంచి, రోజుకి 1 చొప్పున 35కి తీసుకెళ్లండి.

మోయడానికి మూతున్న 20 లీటర్ల బకెట్, సగానికి పైగా గుంట నీరు, బ్యాటరీ ఎయిర్ పంపు. పీతలని, చేపలని విడివిడిగా పెట్టండి. గంట లోపు ప్రయాణానికి ఇది చాలు. హైదరాబాద్ దాకా మూసిన సంచిలో పంపితే లెక్క వేరు. సంచిలో కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ తగ్గుతుంది కాబట్టి అమ్మోనియా పెద్దగా హాని చెయ్యదు. మూతి విప్పగానే పీహెచ్ లేచి అదే అమ్మోనియా విషమవుతుంది. అలాంటప్పుడు సంచి నీళ్లలో డ్రిప్ చేస్తూ కూర్చోకుండా, ఉప్పదనం, వేడి కలిపి సిద్ధం చేసిన నీళ్లలోకి చేపని వెంటనే మార్చాలి.

గవ్వలగుట్ట:
క్వారంటైన్‌కి ఇంకో మాట. చేపల మీది పరాన్నజీవులు పోవడానికి అయానిక్ రాగి (నీళ్లలో కలిపే రాగి మందు) 0.5 మి.గ్రా./లీ., రెండు రోజుల్లో నెమ్మదిగా పెంచి, 30 రోజులు. రోజూ కిట్‌తో కొలవాలి. పీతలు, నత్తలు ఆ నీళ్లలో చస్తాయి, వాటికి వేరే డబ్బా. వాటికి రోగం రాకపోయినా, తెల్లమచ్చల పరాన్నజీవి తిత్తులు గుల్ల మీద అతుక్కుని వస్తాయి. అందుకని చేపలు లేని నీళ్లలో, 27 డిగ్రీల దగ్గర, 45 రోజులు ఉంచండి.

ఒకసారి దుకాణం చేపలతో కలిసిన జీవిని మళ్లీ సముద్రంలో వదలొద్దు, కొత్త రోగాలు తీరానికి చేరతాయి. వద్దనుకుంటే ఇంకో ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్లకి ఊరికే ఇచ్చేయండి. మూత మాత్రం బిగువుగా ఉండాలి. నెరైట్ నత్తలు రాత్రిపూట నీటిపైకి పాకుతాయి, బ్లెన్నీలు మొదటి వారంలోనే దూకుతాయి.