పెట్రోల్ కారు పొగలో అమ్మోనియా ఎక్కడిది?

కావలి_కారు: మాది బీఎస్6 పెట్రోల్ కారు, రోజూ కావలి నుంచి నెల్లూరు తిరుగుతుంటాను. సైలెన్సర్‌లోంచి అమ్మోనియా వస్తుందని చదివాను. అది డీజిల్ లారీల్లో పోసే యూరియా ద్రావణం వల్ల కదా, పెట్రోల్ బండికి ఎలా? ఇంట్లో పాపకి ఆస్తమా, అందుకే టెన్షన్.

ఒంగోలు_గ్యారేజీ: వస్తుందండీ, అదీ పొగని శుద్ధి చేయడానికి సైలెన్సర్ దారిలో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనే పుడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌ని మామూలు నైట్రోజన్‌గా మార్చడం దాని పనుల్లో ఒకటి. కానీ పెట్రోల్ ఎక్కువై గాలి తక్కువైనప్పుడు, అంటే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, ఆక్సిజన్ సెన్సర్ పాడైనా, లోపల కార్బన్ మోనాక్సైడూ నీటి ఆవిరీ కలిసి హైడ్రోజన్ పుట్టి, అది నైట్రిక్ ఆక్సైడ్‌తో చర్య జరిపి అమ్మోనియా అవుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో దీన్ని చూడరు. చెక్ ఇంజన్ లైట్ వెలిగితే వాయిదా వేయకండి.

పెన్నా_గట్టు: మన జిల్లాలో వరి పొలాల యూరియా నుంచీ, పశువుల పేడ నుంచీ కూడా అమ్మోనియా వస్తుంది, దేశం మొత్తం మీద ఎక్కువ భాగం వ్యవసాయానిదే. అయినా ట్రంక్ రోడ్డు మీద కార్లది వేరే సంగతి, జనం ముక్కు దగ్గరే వదులుతాయి. అది గాలిలోని నైట్రిక్ ఆమ్లంతో కలిస్తే అమ్మోనియం నైట్రేట్ అనే సన్నటి ధూళి, పీఎం 2.5. ఎండల్లో చాలావరకు మళ్ళీ ఆవిరైపోతుంది, చలికాలంలోనే నిలుస్తుంది. పాపని ఆ నెలల్లో ట్రాఫిక్‌కి దూరంగా ఉంచండి.

కావలి_కారు: అయితే కన్వర్టర్ తీయించేస్తే?

ఒంగోలు_గ్యారేజీ: వద్దండీ! కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు శుద్ధి కాకుండా బయటికొస్తాయి, పాపకి అవి ఇంకా ప్రమాదం. ముందు సెన్సర్ చూపించండి.