30 దాటాక బ్యాంకులో స్కేల్-1 (మొదటి మెట్టు ఆఫీసరు)లో చేరినవాళ్లు ఏ డెస్క్ పట్టుకోవాలి?

ప్రభుత్వ బ్యాంకుల్లోని సీనియర్లు కాస్త చెప్పండి. పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు వయోపరిమితి 30, ఓబీసీలకు 33, ఎస్సీ, ఎస్టీలకు 35. ఆలస్యంగా చేరినా రిటైర్మెంటు మాత్రం 60కే.

కౌంటర్ పని ఎలాగూ తగ్గిపోతోంది. డబ్బు రీసైక్లర్ మెషీన్ తీసుకుంటోంది, పాస్‌బుక్ కియోస్క్ కొడుతోంది, 2020 నుంచి వీడియో కేవైసీ కూడా వచ్చింది. హోమ్ లోన్ ఫైళ్లు చాలావరకు ప్రాసెసింగ్ సెంటర్లకే.

ఎంఎస్ఎంఈ క్రెడిట్‌లో (చిన్న, మధ్యతరహా వ్యాపారాలకిచ్చే అప్పుల్లో) మాత్రం మనిషి అవసరం ఇంకా ఉందనిపిస్తోంది. డ్రాయింగ్ పవర్, అంటే స్టాకుని బట్టి ఎంతవరకు అప్పు వాడుకోవచ్చన్న లెక్క, సాఫ్ట్‌వేర్ చిటికెలో వేస్తుంది, నిజమే. 40 లక్షల స్టాకులో 10 లక్షలు సప్లయర్లకు బాకీ ఉంటే మిగిలిన 30 మీద 25 శాతం మార్జిన్ తీసి 22.5 లక్షలు. అప్పు తీసుకున్న పార్టీ ఆ బాకీ దాచేస్తే అదే లెక్క 30 లక్షలు చూపిస్తుంది! గోడౌన్‌కి వెళ్లి, కొనుగోలు బిల్లులు, జీఎస్టీ రిటర్నులు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా దొరుకుతుంది.

బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్ష నాలుగు పేపర్లూ అయిపోయినవాళ్లు, దాని పై మెట్టు సీఏఐఐబీలో ఎలక్టివ్‌గా రిస్క్ మేనేజ్‌మెంట్ తీసుకోవాలా, ఐటీ అండ్ డిజిటల్ బ్యాంకింగా? స్కేల్-2 ప్రమోషన్ ఇంటర్వ్యూకి ముందే క్రెడిట్ డెస్క్ కావాలంటే బ్రాంచి మేనేజరుని అడిగితే చాలా, రీజనల్ ఆఫీసుకి రాసివ్వాలా?