"ప్రతిపక్ష భావన" అంటే పాజిటివ్ థింకింగేనా?

మొదటి పోస్టు

మేం కొద్దిమందిమి రోజూ పొద్దున్నే అరగంట కూర్చుని పతంజలి యోగసూత్రాలు చదువుకుంటున్నాం. ఇప్పుడు రెండో పాదంలో 33వ సూత్రం దగ్గరికి వచ్చాం: వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్. కొత్తగా చేరేవాళ్ల కోసం నాలుగు ముక్కలు రాయమంటే, "చెడ్డ ఆలోచన వచ్చినప్పుడు ఎదురుగా మంచి ఆలోచన తెచ్చుకోవడం, అంటే పాజిటివ్ థింకింగ్" అని రాసి పంపాను. ఒకాయన ఫోన్ చేసి, "ప్రతిపక్షం అంటున్నారు, మధ్యలో వాకౌట్ చేయొచ్చా?" అని ఒకటే నవ్వు. నవ్వులాటకేం గానీ, పాజిటివ్ థింకింగ్‌కి సరైన తెలుగు ఏమిటండీ? "సానుకూల ఆలోచన" సరిపోతుందా? అసలు ఈ సూత్రం చెప్పేది అదేనా?

జవాబు

సానుకూలం పేపర్లలో బాగా స్థిరపడింది, తప్పని అనను. కానీ మాట లోపలికి చూడండి. కూలం అంటే ఏటి ఒడ్డు. ఒడ్డు వెంబడి పోయేది అనుకూలం, ఒడ్డుకి ఎదురు పోయేది ప్రతికూలం. "మీ పని సానుకూలపడిందా?" అని మనం అడిగేది పని గురించే, మనసు గురించి కాదు. అందుకే "సానుకూల ఆలోచన" అంటే నా చెవికి "అంతా మనకి కలిసొస్తుందిలే" అన్నట్టు వినిపిస్తుంది. పతంజలి అలాంటి హామీ ఎక్కడా ఇవ్వలేదు.

ఏటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మొదటి పాదం 12వ సూత్రం దగ్గర వ్యాసభాష్యంలో (యోగసూత్రాలకి వ్యాసుడి పేరుమీద ఉన్న పాత వ్యాఖ్యానం) చిత్తాన్ని నదితోనే పోల్చారు. మామూలు నది కాదు, "ఉభయతోవాహినీ", రెండు వైపులా పారే నది. మంచికీ పారుతుంది, చెడుకీ పారుతుంది. ఒక వైపు పారే నీటిని వైరాగ్యంతో అడ్డుకట్టి, రెండో వైపు దారిని అభ్యాసంతో తెరవాలట. పాజిటివ్‌కి వాడే ధనాత్మకం, సకారాత్మకం అనే మాటలకన్నా ఈ బొమ్మ నాకు నచ్చుతుంది. ధనాత్మకం అంటే బ్యాటరీయే గుర్తొస్తుంది మరి.

జవాబు

సూత్రంలో మూడు మాటలూ మనల్ని బోల్తా కొట్టించేవే.

బాధనం అంటే మనం రోజూ అనుకునే బాధ కాదు. సంస్కృతంలో బాధించడం అంటే అడ్డుపడటం, వేధించడం. "వితర్కాలు అడ్డుపడి వేధిస్తున్నప్పుడు" అని చెప్పుకోవాలి.

వితర్కం ఇక్కడ ఊరికే ఆలోచన కాదు. మొదటి పాదంలో ఇదే మాట సమాధిలో ఒక మెట్టుకి పేరు. ఇక్కడ మాత్రం యమనియమాలకి (అహింస, సత్యం, శౌచం లాంటి కట్టుబాట్లకి) విరుద్ధంగా లేచే తలపు. కొట్టాలనిపించడం, అబద్ధమాడాలనిపించడం, ఎదుటివాడిది లాక్కోవాలనిపించడం.

ప్రతిపక్షం వాదంలోంచి వచ్చిన మాట. న్యాయసూత్రాల్లో వాదానికి నిర్వచనమే "పక్షప్రతిపక్షపరిగ్రహో వాదః". ఒకరు ఒక పక్షం పడతారు, ఇంకొకరు దాని ఎదుటి పక్షం. అంటే మనసు "వాడు అన్నాడు కాబట్టి నేనూ అంటాను" అని వాదన మొదలుపెడితే, మీరు రెండో వకీలుగా లేచి నిలబడాలి. మీ మిత్రుడి ప్రతిపక్షం జోకు అంత దూరంగా ఏం లేదు, అక్కడా వాదించడానికే కూర్చుంటారు.

జవాబు

భావన గురించి నాదొక మాట. మా నాన్నగారు ఆయుర్వేద వైద్యులు. మా ఇంట్లో "భావన ఇచ్చావా?" అంటే ఆలోచించావా అని కాదు. చూర్ణాన్ని కల్వంలో వేసి, అది తడిసేదాకా ఏ ఆకురసమో, కషాయమో పోసి, తడి ఇంకిపోయేదాకా నూరడం. మళ్లీ ఆరబెట్టడం. మళ్లీ రసం, మళ్లీ నూరుడు. అదంతా కలిపి ఒక భావన. మందును బట్టి ఏడు భావనలు ఇవ్వాలంటే ఏడుసార్లూ ఇవ్వాల్సిందే. మొదటిసారి పొడి రసాన్ని పీల్చుకుంటుంది గానీ పొడి పొడిగానే ఉంటుంది. నాలుగైదు భావనలు అయ్యాక వాసన మారుతుంది, రంగు మారుతుంది, వేలితో రుద్దితే పట్టుగా తగులుతుంది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ నూరుడు పని నాది. భుజాలు పడిపోయేవి. మూడు అయ్యాయి చాలు కదా నాన్నా అంటే, "లెక్క తప్పితే అది మందు కాదమ్మా, పొడి" అనేవారు.

ఉసిరి పొడికి ఉసిరి రసంతోనే భావన ఇస్తారు. దాని గుణాన్ని దానికే పట్టించడం. నాకు యోగసూత్రం అర్థమైంది అక్కడ. భావన అంటే అటువంటిదే అయితే, పొద్దున ఒకసారి "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకుని లేచి వెళ్లిపోతే ఒక చుక్క రసం పోసినట్టు. వ్యాకరణం కూడా ఇటే ఉంది చూడండి. "భూ" ధాతువుకి ప్రేరణార్థకం కదా, ఉండటం కాదు, ఉండేట్టు చేయడం.

జవాబు

కల్వం సంగతి అద్భుతంగా ఉంది. కానీ పాజిటివ్ థింకింగ్ అని రాసినాయన్ని మరీ తీసిపారేయకండి. 1896లో వచ్చిన వివేకానందుల రాజయోగంలో ఈ సూత్రానికి అర్థం దాదాపు అలాగే ఉంది. కోపం అనే పెద్ద అల లేస్తే ఎదురు అల లేపాలి, ప్రేమను తలచుకోవాలి అంటారు. భర్త మీద మండిపడుతున్న తల్లి దగ్గరికి పసిబిడ్డ వస్తే ముద్దు పెట్టుకుంటుంది, పాత అల పడిపోతుంది అని ఉదాహరణ. ఇంట్లో ఎన్నిసార్లు చూడలేదు ఇది!

జవాబు

చూశాం, నిజమే. అయితే వ్యాసభాష్యంలో భావన తియ్యగా లేదు. "సంసారమనే నిప్పుల్లో మాడుతూ యోగధర్మాన్ని శరణుజొచ్చినవాణ్ణి నేను, వదిలేసినదాన్ని మళ్లీ నోట పెట్టుకుంటే కక్కిన కూడు తినే కుక్కకీ నాకూ తేడా ఏముంది" అని భావించమన్నారు. ప్రేమ అల ఎక్కడా లేదు. తన్ను తాను నిలదీసుకోవడమే.

పైగా తర్వాతి సూత్రంలో పతంజలే భావన ఎలా చేయాలో విప్పి చెప్పాడు. హింస మొదలైనవి మనం చేసినవి (కృతం), చేయించినవి (కారితం), చేస్తుంటే సరే అన్నవి (అనుమోదితం). ప్రతిదీ లోభంతోనో, క్రోధంతోనో, మోహంతోనో. అదీ కొంచెంగానో (మృదువు), ఓ మోస్తరుగానో, విపరీతంగానో. మూడు మూళ్లు తొమ్మిది, ఇంకో మూడుతో 27. భాష్యకారులు ఇంకా చీల్చి హింసనొక్కదాన్నే 81 రకాలు చేశారు. ఫలం మాత్రం ఒకటే, అంతులేని దుఃఖం, అజ్ఞానం.

నాకు గుచ్చుకున్నది అనుమోదితం. మొన్న మా బంధువుల గ్రూపులో ఒకరిని వెటకారం చేస్తూ మెసేజ్ వచ్చింది. నేను రాయలేదు, ఎవరిచేతా రాయించలేదు. కింద నవ్వు బొమ్మ పెట్టానంతే. రాత్రి పడుకునే ముందు ఈ లెక్క వేసుకుంటే, అనుమోదితం, మోహపూర్వకం, మృదువు. గడి దొరికేసరికి సిగ్గేసింది. లేచి ఆ బొమ్మ తీసేశాను. అప్పటికే అందరూ చూసే ఉంటారు, అది వేరే విషయం.

జవాబు

ఒక్క అభ్యంతరం. అసలే దిగులుతో కుంగిపోయి ఉన్నవాడు ఈ కుక్క పోలిక పట్టుకుని రోజూ తన్ను తాను తిట్టుకుంటే ఏం కావాలి? మా ఇంట్లో ఒకరు అలాగే చేసి ఇంకా లోతుకి దిగారు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లాక గానీ తేరుకోలేదు.

జవాబు

మీరు అన్నది చాలా ముఖ్యం. ఆ భాష్యం ఎదుటివాడికి హాని తలపెట్టబోయే మనసుకి చెప్పింది, దిగులుపడ్డ మనసుకి కాదు. దిగులుకి పతంజలి వాడిన మాటే వేరు, దౌర్మనస్యం. మొదటి పాదం 31లో దాని పక్కనే దుఃఖాన్నీ, ఒళ్లు వణకడాన్నీ, ఊపిరి అదుపు తప్పడాన్నీ చేర్చాడు. ఇవన్నీ విక్షేపంతో, అంటే మనసు చెదరడంతో పాటు పుట్టేవన్నాడు. దిగులుని శరీరంతో కలిపి చూశాడన్నమాట. అక్కడ తిట్లు లేవు. ఒకేదాన్ని పట్టుకుని అభ్యాసం చేయమన్నాడు, కాస్త ముందుకెళ్తే ఊపిరి నెమ్మదిగా వదిలి నిలపడం ఒక దారి అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఇవేవీ అడ్డు రావు.

దౌర్మనస్యానికి ఎదురు మాట కూడా ఆయన దగ్గరే ఉంది: సౌమనస్యం. రెండో పాదం 41లో, శౌచం (శుభ్రత) వల్ల కలిగే ఫలాల్లో ఒకటిగా. పాజిటివ్‌కి తెలుగు అడిగారుగా, నా ఓటు దీనికే. సుమనస్సు అంటే పువ్వు కూడా.

మొదటి పోస్టు పెట్టినవారు

అందరికీ నమస్కారం. రాసినదాంట్లోంచి పాజిటివ్ థింకింగ్ కొట్టేశాను. "ప్రతిపక్ష భావన: మనసుతో వాదన, ఏడుసార్లకి తగ్గకుండా" అని పెట్టాను. సౌమనస్యం ఆ పాఠం వచ్చినప్పటికి దాచుకుంటాను. కల్వం గురించి రాసినమ్మా, మీరు ఒకరోజు మాతో కూర్చుని ఆ నూరుడు సంగతి చెప్పాలి.

ఇంకొక చిక్కు. మొదటి పాదం 33లో మైత్రి, కరుణ, ముదిత (సంతోషం) తర్వాత ఉపేక్ష అని ఉంది. పేపర్లో "ఉపేక్షించేది లేదు" అని రోజూ చదువుతాం కదా. చెడ్డవాడి విషయంలో ఉపేక్ష భావించమంటే మావాళ్లు గొడవకి దిగేట్టున్నారు. దాని సంగతి కూడా ఎవరైనా అందుకుంటారా?