బాలికల ఆశ్రమ పాఠశాల గోడపత్రికలో వేడినీళ్ల వార్త వేయొచ్చా?

తెలుగు టీచర్, ఆదిలాబాద్ జిల్లా:
అందరికీ నమస్కారం. ఉట్నూరు ఏజెన్సీలో ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. నవంబరు నుంచి పిల్లల చేత ‘ఈ వారం మన బడి’ అని గోడపత్రిక రాయిస్తున్నా. భోజనాల హాలు గోడకు రెండు డ్రాయింగ్ షీట్లు, ప్రతి శనివారం కొత్తవి. ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లే రాస్తారు. పదోతరగతి వాళ్లను కదపడం లేదు, పొద్దున ఐదింటికే వాళ్లకు స్టడీ అవర్.

మొదట్లో అన్నీ పేపర్లో జిల్లా పేజీలాగే వచ్చాయి. రాజ్యాంగ దినోత్సవం ఘనంగా జరిగింది, తదితరులు పాల్గొన్నారు. పోనీలే, చెయ్యి తిరగనీ అనుకున్నా. డిసెంబరులో చలి ముదిరేసరికి రాత మారిపోయింది. శనివారం ఇంటికెళ్లిన వాళ్లు పత్తి ఏరడానికి ఆగిపోయి మంగళవారం గానీ రాలేదని ఒకమ్మాయి రాసింది. ఇంకో తొమ్మిదో తరగతి పిల్ల ఇలా రాసింది: “సోలార్ హీటరు పాడైంది. ఆరో తరగతి వాళ్లు మొహం కడుక్కుని, ముందు జుట్టు కాస్త తడుపుకుని స్నానం అయిందని చెబుతున్నారు. మేమూ అదే చెబుతున్నాం.”

చదివి నవ్వాపుకోలేకపోయా. హెచ్ఎం మేడం మాత్రం, “కార్యక్రమాలు రాయించండమ్మా, కంప్లయింట్లు వద్దు” అన్నారు. తనిఖీకి ఎవరొచ్చినా మొదట కనిపించేది ఆ గోడే, ఆవిడ టెన్షన్ ఆవిడది. అలాగని ఆ వార్త తీసేస్తే ఈ పిల్ల మళ్లీ కలం పట్టదు. ఏం చేయమంటారు?

ఇంకో సంగతి. నాగోబా జాతర దగ్గర పడుతోంది. ఆ జాతర జరిపే గోండు వంశం మెస్రం వాళ్లదే, మా దగ్గర ఆ ఇంటి పిల్లలు ఉన్నారు. వాళ్లతో ఎలా రాయించాలి?

రిటైర్డ్ హెచ్ఎం, ఖమ్మం:
అమ్మా, ఆవిడ కుర్చీలో ఉంటే నేనూ అదే మాట అనేదాన్ని. వార్త తీసేయకండి, కానీ అలాగే అంటించేయకండి. గురువారమే ఆ పిల్లను కాగితంతో వార్డెన్ దగ్గరకు పంపండి. “హీటరు ఎప్పుడు బాగవుతుంది? అందాకా ఏం చేస్తారు?” అని అడిగి, చెప్పిన జవాబు కింద రాయమనండి. తనిఖీకి వచ్చినవాళ్లకు సమస్యతో పాటు బడి ఏం చేస్తోందో కూడా కనబడుతుంది. ఏ హెచ్ఎం వద్దంటుంది?

సైన్సు ల్యాబులో థర్మామీటరు ఉంటుంది కదా, ఆరింటికి వరండాలో చూసి రోజూ అంకె వేయించండి. మీ జిల్లాలో చలికాలం పది లోపుకి పడిపోవడం మామూలే. ‘బాగా చలిగా ఉంది’ అనే వాక్యాల బెడద తప్పుతుంది.

లెక్కల సార్, శ్రీకాకుళం:
డిసెంబరు 22న గణిత దినోత్సవం వస్తోంది. మళ్లీ ‘ఘనంగా’ అనకుండా ఓ పని చేయండి మేడం. రామానుజన్ 1729 సంగతి గోడ మీద పెట్టండి: 1, 12 ఘనాలు కలిపినా, 9, 10 ఘనాలు కలిపినా అదే వస్తుంది. అలా రెండు రకాలుగా వచ్చే తర్వాతి సంఖ్య 4104. ఒక జోడీ 2, 16. రెండో జోడీ పిల్లల్నే పట్టమనండి. జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతికి ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మో నానమ్మో ఎంతవరకు చదివిందో, ఎందుకు మానేసిందో కనుక్కుని రమ్మనండి. ఆ వారం పత్రిక దానంతటదే నిండుతుంది.

ఆశ్రమ పాఠశాల పాత విద్యార్థిని:
నమస్తే టీచర్. మేమూ మెస్రం వాళ్లమే. దయచేసి ‘నాగోబా జాతర’ అని వ్యాసం ఇవ్వకండి, గైడు చూసి దించేస్తారు. వాళ్లింట్లో ఎవరు ఏం చేస్తారో అడగండి. గోదావరి నీళ్ల కోసం జన్నారం దగ్గరి హస్తిన మడుగుకు చెప్పుల్లేకుండా నడిచి వెళ్లే పెద్దలు ఎవరి ఇంట్లో ఉన్నారు? సిరికొండలో కుమ్మరులు చేసే కుండలు ఎవరు చూశారు? పుష్య అమావాస్య రాత్రి పూజయ్యాక కొత్త కోడళ్లకు భేటింగ్ ఉంటుంది, దేవుడికి పరిచయం అన్నమాట. ఈసారి ఎవరి వదినకు ఉందో కనుక్కోండి, ఆ పిల్ల రెండు షీట్లూ ఒక్కతే నింపేస్తుంది. గోండీలో రాస్తామంటే తెలుగు లిపిలో రాయనివ్వండి. మా టైంలో గోండీ మాట్లాడితేనే కోప్పడేవాళ్లు.

తెలుగు టీచర్, ఆదిలాబాద్ జిల్లా:
అందరికీ థాంక్స్. పెద్ద మేడం చెప్పినట్టే పిల్లను వార్డెన్ దగ్గరకు పంపా. పైపు పగిలిందని, రిపేరుకు రాసి పంపామని చెప్పారట. అందాకా కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి ఆరు, ఏడు తరగతులకు ఇస్తారు. మిగతావాళ్లు సాయంత్రం బడి కాగానే, ఎండ ఉండగానే స్నానాలు చేయొచ్చు. వార్త, జవాబు పక్కపక్కన చూసి హెచ్ఎం మేడం సరేనన్నారు. కాకపోతే ‘మేమూ అదే చెబుతున్నాం’ అనే వాక్యం కొట్టేయమన్నారు. పిల్ల ఒప్పుకోలేదు, ఉంచేశాం.

సార్, మీ 4104 కోసం నిన్న స్టడీ అవర్ మొత్తం ఖర్చయిపోయింది. పదోతరగతి వాళ్లు కూడా దూరారు. జవాబు మాత్రం ఇక్కడ రాయకండి, ఈ పేజీ వాళ్లకు చూపించాలి.