నాన్నకి టీబీ, కానీ తెల్ల రక్తకణాలు నార్మల్. ఇదెలా?

అందరికీ నమస్కారం, మాది వైజాగ్, గాజువాక. నాన్నకి మూడు వారాలుగా దగ్గు తగ్గక, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడి, రాత్రి చెమటకి దిండు గలీబు తడిసిపోతుంటే ముందు సముద్రపు ఉక్క అనుకున్నాం. కఫం పరీక్షలో టీబీ అని తేలింది. మందులు 6 నెలలు, మొదటి 2 నెలలు నాలుగు రకాలు. అది సరే, నా డౌటు వేరే.

రక్తపరీక్ష కాగితంలో తెల్లకణాలు 7,800 అని ఉంది, పక్కనే నార్మల్ 4,000 నుంచి 11,000 అని. ఒంట్లో వాపు ఉందో లేదో చూపే ఈఎస్ఆర్ మాత్రం 72, అంటే ఎక్కువే. ఒంట్లో అంత యుద్ధం జరుగుతుంటే సైన్యం పెరగదా? డాక్టరు గారిని అడిగితే వెనక క్యూ చూసి "మందులు వేయండి చాలు" అన్నారు.

నేను చదివిందేంటంటే, ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు క్రిమిని మింగుతాయట, అది అరగకుండా లోపలే కాపురం పెట్టేస్తుందట (దొంగని స్టేషన్లో పెడితే అక్కడే అద్దెకి దిగినట్టు!). తర్వాత టీ కణాలొచ్చి (ఇవీ ఒక రకం తెల్లకణాలే) ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థం వదిలి మాక్రోఫేజ్‌లకి బలమిస్తాయి, అన్నీ చుట్టూ చేరి గ్రాన్యులోమా అనే గడ్డ కడతాయి. మరి పోరాటం అక్కడే కాబట్టి రక్తంలో లెక్క మారలేదా? నాన్నకి పదేళ్లుగా షుగర్, దానివల్ల ఈ కణాలు మందగిస్తాయా?

ఇంకోటి, అమ్మకి దగ్గు లేదు గానీ మాంటూ పరీక్షలో (టీబీ క్రిమి ప్రోటీన్లు చర్మంలోకి సూదితో ఎక్కించి చూసేది) చెయ్యి గట్టిగా ఉబ్బింది. అంటే ఆమె టీ కణాలు క్రిమిని గుర్తుపట్టాయనా, జబ్బే వచ్చిందనా? ల్యాబుల్లో పనిచేసేవాళ్లెవరైనా కాస్త చెప్పండి, అమ్మ ఆ కాగితం మడతలు విప్పి చూస్తూ ఒకటే టెన్షన్ పడుతోంది.