బి కేటగిరీ ఎంబీబీఎస్‌కి పొలం అమ్మాలా, కన్వీనర్ కోటా సీఎస్ఈ తీసుకోవాలా?

రేపల్లె సిస్టర్

నమస్కారం అండీ. నేను బాపట్ల జిల్లాలో ఒక గ్రామ సచివాలయంలో ఏఎన్ఎంని. మా ఆయన వ్యవసాయం. పెద్దమ్మాయి నవోదయలో ప్లస్ టూ అయ్యింది. మ్యాథ్స్, బయాలజీ రెండూ తీసుకుంది, అందుకే ఇప్పుడీ తిప్పలు. నీట్‌లో 430 చిల్లర వచ్చాయి. మా కేటగిరీకి ఆ ర్యాంకుతో కన్వీనర్ సీటు (తక్కువ ఫీజుకి ప్రభుత్వ కోటాలో ఇచ్చేది) కష్టమే అంటున్నారు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలట) పదకొండు వేల లోపు ర్యాంకు. గుంటూరు వైపు మంచి కాలేజీలోనే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తుందంట, ఫీజు ఏడాదికి లక్ష దాకా.

మా ఆయనకి అమ్మాయిని డాక్టర్ని చేయాలని ఎప్పటినుంచో ఉంది. కాలవ పక్కన ఎకరంన్నర అమ్మేసి బి కేటగిరీలో (ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజు సీటు) చేర్పిద్దామంటారు. ఏడాదికి పన్నెండు లక్షల పైమాటే. ఒకాయన ఇంటికి వచ్చి "సీటు సంగతి నాకొదిలేయండి, అడ్వాన్సు చూడండి" అని చెప్పి వెళ్లాడు కూడా. మా తమ్ముడేమో నిరుటి కటాఫ్ మార్కులు చూపించి లాంగ్ టర్మ్‌లో (ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ నీట్ రాయడం) వేయమంటాడు. ఇంకో పాప తొమ్మిదిలో ఉంది, దాన్నీ చూడాలి కదా.

నేను రోజూ డాక్టర్ల పక్కన పనిచేసేదాన్నే. మా పీహెచ్‌సీ డాక్టరమ్మ ఊళ్లోకి వస్తే అందరూ లేచి నిలబడతారు. ఆవిడేమో ఓపీ ఖాళీ అయిన వెంటనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పీజీ క్లాసుల వీడియోలు చూస్తుంటుంది. అమ్మాయిని అడిగితే "మీరేదంటే అది" అంటోంది. వెబ్ ఆప్షన్లకి నాలుగు రోజులే టైం. తెలిసినవాళ్లు చెప్పండి.

కోరమంగళ బాబాయ్

అక్కా, నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్. సీఎస్ఈ చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి. 2021, 22 టైంలో ఎవరు పడితే వాళ్లని తీసుకున్నారు. ఆ తర్వాత ఫ్రెషర్లని తీసుకోవడం బాగా తగ్గించారు. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి నెలల తరబడి కూర్చోబెట్టిన కంపెనీలూ ఉన్నాయి. కొత్తవాళ్లకి ఇచ్చే చిన్నచిన్న పనులు ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. మనకి మిగిలేది అది రాసిందాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడం.

ఒక ఉదాహరణ చెప్తా. కస్టమర్లకి డబ్బులు రెండుసార్లు కట్ అవుతున్నాయని మొన్న కంప్లయింట్ వచ్చింది. అందరికీ కాదు, ఎప్పుడో ఒకరికి. సాయంత్రం మొదలుపెడితే అర్ధరాత్రి దాకా లాగ్‌లు చదువుతూనే ఉన్నాం. చివరికి తేలిందేంటంటే, సర్వర్ జవాబు లేటైతే యాప్ తనంతట తనే అదే రిక్వెస్ట్ మళ్లీ పంపుతోంది. మార్చింది రెండు లైన్లు. ఇలాంటి వెతుకులాటలో మజా ఉందనుకునేవాళ్లకే ఈ ఫీల్డు. ప్యాకేజీ చూసి వచ్చినవాళ్లు మూడో ఏడుకి నీరసపడిపోతున్నారు.

అమ్మాయి ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తుంటుంది? "మీరేదంటే అది" కన్నా ఆ సంగతి చెప్పండి.

లాంగ్‌టర్మ్ సీనియర్

ఆంటీ, నేను లాంగ్ టర్మ్ చేసే సీటు కొట్టాను, ఇప్పుడు థర్డ్ ఇయర్. పొద్దున్నే అయిదున్నరకి స్టడీ అవర్, వారం వారం గ్రాండ్ టెస్ట్, గోడ మీద ర్యాంకుల లిస్టు. మా రూంలో నలుగురం. ఇద్దరికి రెండోసారి మార్కులు తగ్గాయి, ఒకడు నాలుగు నెలలు ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇంకోటి, మార్కులు పట్టుకుని లెక్కలేయకండి. 2024లో ముందు 67 మందికి 720కి 720 వచ్చాయి, రివైజ్ చేశాక కూడా 17 మంది మిగిలారు. 2025లో ఫిజిక్స్ పేపర్ పిల్లల్ని ఏడిపించింది, దేశంలో ఫస్ట్ ర్యాంకుకే 686. అందుకే మీ తమ్ముడు గారు చెప్పే నిరుటి కటాఫ్ మార్కులు దేనికీ పనికిరావు. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అలాట్‌మెంట్ లిస్టులు తీసి మీ కేటగిరీలో ఆఖరి ర్యాంకు ఎంతుందో చూడండి.

నైట్ డ్యూటీ

సిస్టర్ గారూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో గైనిక్ పీజీ చేస్తున్నాను.

ముందు ఆ అడ్వాన్సు మనిషిని గుమ్మం ఎక్కనివ్వకండి. బి కేటగిరీ సీట్లు కూడా నీట్ ర్యాంకు ప్రకారం యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లోనే ఇస్తారు. మధ్యలో అతను చేసేదేమీ ఉండదు.

ఇక డబ్బు. ఫీజు, హాస్టల్, పుస్తకాలు కలిపితే డెబ్బై లక్షలకి తగ్గదు. పెట్టారే అనుకుందాం. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక మీ డాక్టరమ్మ చేస్తున్న పనే మీ అమ్మాయీ చేయాలి, అంటే నీట్ పీజీ. 200 ప్రశ్నలు, 800 మార్కులు. పీజీ సీట్లు ఎంబీబీఎస్ సీట్ల కన్నా తక్కువ. అందులో అందరికీ కావాల్సిన మెడిసిన్, పీడియాట్రిక్స్, రేడియాలజీ లాంటివి ఇంకా తక్కువ. నా బ్యాచ్‌లో పీజీ రాని వాళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో నలభై, యాభై వేలకి నైట్ డ్యూటీలు చేస్తున్నారు. సర్కారు కాలేజీలో చదివినవాళ్లకి అది టెన్షన్ మాత్రమే. పొలం అమ్మి చదివినవాళ్లకి అప్పుల బాధ కూడా. పీహెచ్‌సీలో రెగ్యులర్ పోస్టు దొరికితే ఇన్‌సర్వీస్ కోటా (ఉద్యోగంలో ఉన్న సర్కారు డాక్టర్లకి పీజీ సీట్లు) ఉంది, మీకు తెలిసే ఉంటుంది. దానికీ మళ్లీ ఏళ్లు పడతాయి.

చదువు వద్దనడం లేదు. నిన్న రాత్రి రెండింటికి లేబర్ రూంలో బిడ్డ గుండె చప్పుడు 100 కి పడిపోయింది. తల్లిని ఎడమ పక్కకి తిప్పాం, ఆక్సిజన్ పెట్టాం, అయినా లేవలేదు, థియేటర్‌కి తీసుకుపోయాం. బిడ్డ ఏడ్చాక నేను చేసిందేమిటో తెలుసా? తెల్లారేదాకా కేస్ షీట్లు రాస్తూ కూర్చున్నా. సీరియల్స్‌లో బిడ్డ ఏడుపు దగ్గరే ఆపేస్తారు, కేస్ షీట్లు చూపించరు.

ఒక్క పని చేయండి. నీట్ స్కోర్ కార్డులో సబ్జెక్టుల వారీగా పర్సంటైల్ ఉంటుంది, ఇక్కడ పెట్టండి. 720లో 360 బయాలజీవే. బయాలజీ బాగా వచ్చి ఫిజిక్స్ దెబ్బకొట్టి ఉంటే ఒక ఏడాది లాంగ్ టర్మ్‌కి నేను సరేనంటాను. ఫిజిక్స్‌ని సాధన చేసి పెంచుకోవచ్చు.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్

అందరూ డాక్టర్ చదువు దండగ అన్నట్టు రాస్తున్నారు. నలభై అయిదు దాటిన సాఫ్ట్‌వేర్ వాడిని ఇంటికి పంపుతారు, డాక్టర్‌కి ఆ వయసులోనే ప్రాక్టీసు పెరుగుతుంది. ఆ తండ్రి ఆశపడటంలో తప్పేముంది?

కోరమంగళ బాబాయ్

మాస్టారూ, తప్పేమీ లేదు. మీరన్న నలభై అయిదు భయం మా ఆఫీసులో అందరికీ ఉంది. కానీ ఆ ప్రాక్టీసు పెరిగేదాకా ఇంటి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? చెల్లెలి చదువు కూడా అదే ఎకరంన్నర మీద ఉంది.

రేపల్లె సిస్టర్

అందరికీ థాంక్స్ అండీ. స్కోర్ కార్డు చూశాను. ఫిజిక్స్ 97, కెమిస్ట్రీ 94, బయాలజీ 89.

ఖాళీగా ఉంటే ఏం చేస్తుందని అడిగారు. మాకు బుధవారం, శనివారం టీకాలు. ఎవరి బిడ్డకి ఏ టీకా డ్యూ ఉందో రిజిస్టర్ తిరగేసి రాసుకోవాలి, ఆ పైన యాప్‌లలో ఎక్కించాలి. సెలవుల్లో అమ్మాయి నా ఫోన్‌లో ఒక ఎక్సెల్ షీట్ చేసిపెట్టింది. పుట్టిన తేదీ వేస్తే 6, 10, 14 వారాల పెంటా తేదీలు, తొమ్మిది నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) తేదీ అదే చూపిస్తుంది. తేదీ దాటితే ఆ గడి ఎర్రగా అవుతుంది. ఎవరూ చెప్పకుండానే చేసింది. పక్క సచివాలయం ఏఎన్ఎం కూడా కాపీ తీసుకుంది. అలాగని రక్తం అంటే భయం లేదు, నాతో టీకాలకి వచ్చి పిల్లల్ని ఒళ్లో పట్టుకుంటుంది.

నైట్ డ్యూటీ

సిస్టర్ గారూ, బయాలజీ కన్నా ఫిజిక్స్ ఎక్కువ వచ్చిన పిల్లని లాంగ్ టర్మ్‌లో వేయమని నేను చెప్పను. అక్కడ ఏడాదంతా ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ అక్షరం వదలకుండా బట్టీ పట్టాలి. ఇష్టం లేకపోతే నరకం. ఆ షీట్ సంగతి విన్నాక నా ఓటు సీఎస్ఈకే. మా వార్డులో డ్యూ డేట్లు ఇప్పటికీ అట్ట మీద రాసి గోడకి అంటిస్తాం, వీలైతే నాకూ ఒక కాపీ పంపమనండి.

ఆసుపత్రి వైపు మనసు లాగితే వేరే దార్లూ ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్ ఉంది. ఐఐటీ మద్రాస్‌లో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ బీఎస్ ఉంది, దానికి ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థలు) ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. నీట్‌కి గరిష్ఠ వయసు పరిమితిని 2022లోనే తీసేశారు, కాబట్టి ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ లేదన్న కంగారు అక్కర్లేదు.

రేపల్లె సిస్టర్

మా ఆయనకి ఇవన్నీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు. పొలం సంగతి మాత్రం నాట్లు పడ్డాక మాట్లాడదాం అన్నారు. సీఎస్ఈ ఆప్షన్లు ఈ రాత్రికి పెడదామని అమ్మాయే అంది. మెడికల్ లిస్టు ఇంకా రాలేదు కదా, ఒకవేళ చివరి రౌండ్‌లో సీటొస్తే ఈ కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇస్తారా? ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కూడా పెట్టాలా?

కోరమంగళ బాబాయ్

ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి అక్కా, అట్టిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. చివరి తేదీ లోపల సీటు వదులుకుంటే వెయ్యి రూపాయల లోపు మాత్రమే పట్టుకుని మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలన్నది ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ కాలేజీల మీద కేంద్ర సంస్థ) రూలు. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. ఆప్షన్లు "వస్తుందేమో" అన్న లెక్కతో కాకుండా కావాల్సిన వరసలోనే పెట్టండి. మొదట మంచి కాలేజీల్లో సీఎస్ఈ, తర్వాత అవే కాలేజీల్లో ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలు. ఈసీఈ వాటి కింద పెట్టండి. ఫ్రీజ్ చేసేముందు ఒకసారి ప్రింట్ తీసి అమ్మాయి చేతే చదివించండి.