ఇంట ఆశ్రయమిచ్చిన వీధికుక్కకు, మా కుక్కకు సఖ్యత ఎలా కుదర్చాలి?

మేము విశాఖపట్నంలో రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంటున్నాము. వాహనం ఢీకొని వెనుక కాలు విరిగి, చికిత్స తరువాత మెల్లగా నడుస్తున్న ఒక ఆడ వీధికుక్కను, దత్తత తీసుకునేవారు దొరికేవరకు చూసుకుంటామని ఒప్పుకొని నెల క్రితం ఇంటికి తెచ్చాము. మా సొంత కుక్కకు ఏడేళ్లు. దానికి రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలన్నీ వేయించినప్పటికీ, పశువైద్యుని సలహా మేరకు మొదటి 14 రోజులు రెండింటినీ వేర్వేరు గదుల్లో, వేర్వేరు గిన్నెలతో ఉంచాము.

ఇబ్బంది ఆ తరువాతే మొదలైంది. బయట గొలుసులతో పక్కపక్కనే ప్రశాంతంగా నడిచే ఈ రెండూ, ఇంట్లో అన్నం గిన్నె కనబడగానే మారిపోతున్నాయి. మా కుక్క తన దగ్గరికి వస్తే కొత్తది బిగుసుకుపోయి గుర్రుమంటుంది, నాలుగు రోజుల క్రితం మా కుక్క చెవి కూడా కొరికింది. వీధిలో ఆకలి చూసిన ప్రాణి తిండిని కాపాడుకోవడం సహజమే. గుర్రుమన్నందుకు దండిస్తే కుక్క ఆ హెచ్చరిక మాని నేరుగా కరవవచ్చని తెలుసు కనుక, దానిని కసరలేదు. ప్రస్తుతం తలుపు వేసి విడివిడిగా తినిపిస్తున్నాము.

ఇలాంటి కుక్కలను సాకిన అనుభవమున్నవారు దయచేసి చెప్పండి: మిగిలిన కాలి నొప్పి కూడా ఈ కోపానికి కారణం కావచ్చా? ఒకే గదిలో, దూరం క్రమంగా తగ్గిస్తూ తినిపించే అభ్యాసాన్ని ఎప్పుడు, ఎంత దూరంతో ప్రారంభించాలి? పసిపిల్లలున్న ఒక కుటుంబం ఈ కొత్త కుక్కను దత్తతకు అడుగుతోంది. ఈ స్థితిలో ఇవ్వడం సబబేనా?